పెట్టె మీదుగా వచ్చిన పిలుపు

మొన్న పని మీద పేటకి వెళ్ళి, బస్సుకి ఇంకా గంట టైముందని మునిసిపల్ పార్కులో కూర్చున్నాను. పేటంటే నరసరావుపేట. ఊరికి పేరిచ్చిన ఆ రావుగారిని మా పల్నాడు వాళ్ళం ఏనాడో వదిలేసి వట్టి పేట అనేస్తాం.

పార్కు ఇప్పుడు బాగా చేశారు. చుట్టూ నడవడానికి బాట, కసరత్తు చేసుకునే ఇనప సామాన్లు, రంగు రంగుల బల్లలు. గేటు పక్కన ఒక కుర్రాడు స్పీకరు పెట్టుకుని సినిమా పాటలు పాడుతున్నాడు. కాసేపు తను పాడి, కాసేపు నడిచేవాళ్ళని పిలిచి మైకు చేతికిస్తున్నాడు. ఒక పెద్దాయన సరదా పడి అందుకున్నాడు. సెల్లులోంచి వాయిద్యాలు మొదలయ్యాయి. పల్లవి బాగానే పాడాడు. చరణం మధ్యలో ఒక మాట తట్టక ఆగాడు. ఆయన ఆగాడు గానీ సెల్లు ఆగలేదు. తబలా, వేణువు, అన్నీ కలిసి ఆయన్ని అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళిపోయాయి. ఆయన ఓ నవ్వు నవ్వి మైకు తిరిగి ఇచ్చేశాడు.

కుర్రాడిది తప్పేమీ లేదు. మంచివాడే, గొంతూ బాగుంది. కానీ ఆ పెద్దాయన మొహం చూశాక నాకు మనసు మనసులో లేకుండా పోయింది. మాట మర్చిపోయిన మనిషి కోసం ఆగిన వాయిద్యాన్ని నేను ఇదే పార్కులో చూశాను. అప్పుడు నాకు పదేళ్ళుంటాయి.

ఆయన పేరేమిటో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. అందరూ ‘పెట్టె ఆయన’ అనేవాళ్ళు. పెట్టె అంటే హార్మోనియం. పొద్దున ఎనిమిదింటికల్లా సైకిలు వెనక దుప్పటి చుట్టిన పెట్టె కట్టుకుని వచ్చేవాడు. వేపచెట్టు కింద సిమెంటు బల్ల ఆయనది. ముందు బల్ల తుడిచేవాడు, తర్వాత పెట్టె తుడిచేవాడు, ఆఖర్న అదే గుడ్డతో తన మొహం తుడుచుకునేవాడు. ఒకప్పుడు పద్య నాటకాలకి వాయించినవాడట. నాటకాలు తగ్గిపోయాయి, పాడేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, వాయించే ఆయన మిగిలాడు. ఆయనకి పాడటం రాదు. నోరు తెరిస్తే తలుపు కిర్రుమన్నట్టు ఉంటుందని తనే చెప్పుకునేవాడు. అందుకని పార్కులో కూర్చుని, పాడాలని ఉన్నవాళ్ళకి శ్రుతి ఇచ్చేవాడు.

నమ్మడం కష్టం గానీ, మా వైపు ఆ రోజుల్లో పాడాలని లేనివాడు లేడు. పత్తి అమ్ముకోవడానికి వచ్చినవాడు, ఆస్పత్రిలో చుట్టాన్ని చేర్చి బయట తిరుగుతున్నవాడు, కోర్టు వాయిదాకి వచ్చినవాడు, ప్రతివాడి దగ్గరా ఒకటో రెండో పద్యాలు ఉండేవి. పదకొండింటికి ఒక పోలీసాయన వచ్చేవాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఒక్క పద్యం పాడి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. టోపీ ఉంటే గొంతు పెగలదని ఆయన నమ్మకం. పద్యం బాగుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ‘వన్స్ మోర్’ అని కేక పెట్టేవాళ్ళు. ఏబీసీడీలు రానివాళ్ళకి కూడా ఆ రెండు ముక్కల ఇంగ్లీషు వచ్చు.

పెట్టె ఆయనకి రెండు పట్టింపులుండేవి. పాడబోయే మనిషిని ‘ఏ శ్రుతి’ అని అడిగేవాడు కాదు. ఆ మనిషి బీడీ కోసమో, మంచినీళ్ళ కోసమో ఎవరితోనో మాట్లాడుతుంటే విని, తనే ఆ మెట్టు నొక్కేవాడు. అది సరిగ్గా సరిపోయేది. రెండోది, పద్యం ఎత్తుకున్న మనిషి దించేదాకా పెట్టె మీద చెయ్యి తీసేవాడు కాదు. దగ్గొచ్చినా, మాట మర్చిపోయినా, సిగ్గుపడి ఆగినా, శ్రుతి అట్లాగే పట్టుకుని కూర్చునేవాడు. ఎంతసేపైనా సరే.

మేము ఆ పార్కుకి వెళ్ళింది పాటల కోసం కాదు, కోర్టు కోసం. మా నాయనమ్మ పెళ్ళిలో వాళ్ళ నాన్న పసుపు కుంకుమల కింద ఆమెకి ఎకరం పొలం రాసిచ్చాడు. పొలం ఆమె పుట్టిన ఊళ్ళో ఉంది కాబట్టి తమ్ముడే చేసుకునేవాడు. ఏడాదికోసారి కందులో జొన్నలో బండి మీద పంపేవాడు. కాలవ నీళ్ళొచ్చి ఆ మెట్ట కాస్తా మిరప పండే పొలమయ్యాక మా తాతకి ఎకరం గుర్తొచ్చింది. అడిగిన తీరు బాగాలేదని వాళ్ళు, జవాబు చెప్పిన తీరు బాగాలేదని వీళ్ళు. మధ్యలో రెండు ఊళ్ళ రాజకీయం చేరింది. పొలం నాయనమ్మ పేరు మీద ఉండటంతో దావా కూడా ఆమె పేరు మీదే వేశారు. ఐదో తరగతి చదివిన మనిషి, కాయితంలో ఏముందో చదవనివ్వండి అని అడిగిందట. సంతకం పెట్టు చాలు అన్నాడట తాత. అలా ఆమె సొంత తమ్ముడి మీద కోర్టుకెక్కిన ఆడది అయింది. మూడేళ్ళుగా అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. కోర్టు బంట్రోతు మాత్రం వాయిదా రోజున ఇద్దరి పేర్లూ కలిపి మూడుసార్లు పిలిచేవాడు.

నేను చెప్పబోయే వాయిదా మిరపకాయల కోతలప్పుడు పడింది. ఆ రోజుల్లో మా బట్టలు, మా జడలు, మేం తినే అన్నం కూడా మిరప ఘాటు కొట్టేవి. మా పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్మేవాళ్ళు. ఆ వాయిదాకి తొమ్మిది రోజుల తర్వాత నాయనమ్మ తమ్ముడి కూతురి పెళ్ళి. ఆ పిల్లకి ఉయ్యాల్లో పేరు పెట్టింది మా నాయనమ్మే. మేనత్త లేకుండా పెళ్ళేమిటి? కానీ మా ఊళ్ళో వాళ్ళ తరఫు వాళ్ళందరికీ పిలుపులు వచ్చాయి, మా గుమ్మం మాత్రం ఎవరూ తొక్కలేదు. పిలవని పెళ్ళికి పోతే పరువు పోతుంది, పోకపోతే ప్రాణం ఒప్పుకోదు. నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఉన్న పట్టుచీర తీసి, దులిపి, మళ్ళీ పెట్టేది. వారంలో నాలుగుసార్లు దులపడానికి దాంట్లో ఏం దుమ్ముంటుందని నేను అడిగి మొట్టికాయ తిన్నాను.

వాయిదా రోజు తాత మమ్మల్ని పార్కులో కూర్చోబెట్టి ప్లీడరు దగ్గరికి వెళ్ళాడు. పిలుపు మధ్యాహ్నం తర్వాతే అన్నారు. నాయనమ్మ క్యారేజీ విప్పింది. పండుమిరప పచ్చడి, జొన్నన్నం, పెరుగు. ఆ పచ్చడి వాసనకి వేరుశనక్కాయల బండి వాడు కూడా ఓసారి తలెత్తి చూశాడు. నాయనమ్మ వాడికీ ఆకులో ఓ ముద్ద పెట్టింది, పెట్టె ఆయనకీ పెట్టింది. ఎండ ఎక్కువై జనం పల్చబడ్డారు. పెట్టె ఆయన చెయ్యి కడుక్కుని టీ తాగడానికి గేటు దాకా వెళ్ళాడు.

నాకు అదే సందు దొరికింది. ఎన్ని వాయిదాల నుంచో ఆ తెల్ల మెట్ల మీద కన్నుంది నాకు. వెళ్ళి వెనక తిత్తి ఊపి, రెండు చేతులా దొరికినన్ని మెట్లు ఒకేసారి నొక్కాను. అది పెట్టిన పెడబొబ్బకి చెట్టు మీద కాకులు లేచిపోయాయి. ఎందులో ఏం ఇరుక్కుందో, చెయ్యి తీసినా ఒక మెట్టు మూలుగుతూనే ఉంది. నాయనమ్మ క్యారేజీ గిన్నె చేత్తో పట్టుకునే లేచి వచ్చి నన్ను పట్టుకుంది. మా ఇంటి ఆడవాళ్ళు నలుగురిలో గొంతెత్తరు. కానీ ఆ రోజు మూడేళ్ళ కోపమంతా కలిపి నా మీద తీర్చుకుంది. నా పుట్టుక దగ్గర్నుంచి నా నడక దాకా దేన్నీ వదల్లేదు.

పెట్టె ఆయన టీ గ్లాసు పట్టుకుని వెనకే నిలబడి తిట్లన్నీ శ్రద్ధగా విన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కూర్చుని, ఇరుక్కున్న మెట్టు సరిచేసి, మెల్లగా ఒక శ్రుతి పట్టాడు.

“ఐదు శ్రుతమ్మా మీది. తిట్టేటప్పుడే మనిషి అసలు శ్రుతి తెలిసేది,” అన్నాడు.

నాయనమ్మ కొంగు సర్దుకుని, నాకు పాటలేంది, పద్యాలేంది, మేము అట్టాంటోళ్ళం కాదు అంది. ఆయన సరే అన్నాడు గానీ చెయ్యి తియ్యలేదు. అది అలా సన్నగా సాగుతూనే ఉంది. నాయనమ్మ నా పక్కన కూర్చుంది. చుట్టూ చూసింది. బండి వాడు కునుకుతున్నాడు. రంగురంగుల ఆకుల కంచె అవతల బల్ల మీద ఎవరో మొహాన తువ్వాలు కప్పుకుని పడుకున్నారు. ఇంకెవరూ లేరు. ఆమె నా వంక చూడకుండా, నేల చూస్తూ, పద్యం ఎత్తుకుంది.

ఆ పద్యం ఏ పుస్తకంలోదీ కాదు. నాయనమ్మ పుట్టిన ఊళ్ళో బడిపంతులు గారు రాసి ఆడించిన నాటకంలోది. అందులో రాకుమార్తె చిలకతో కబురు పంపుతుంది. పంతులు గారికి చిలక తప్ప వేరే పక్షి తెలియదని నాయనమ్మ నవ్వేది. రాకుమార్తె వేషం వేసింది ఆమె తమ్ముడు, పదమూడేళ్ళవాడు. ఆడపిల్లల్ని రిహార్సళ్ళకి రానివ్వరు. అందుకని ఇంట్లో గొడ్లచావిట్లో కాయితం పట్టుకుని తమ్ముడి చేత వల్లె వేయించింది అక్క. వాడికి జడ అల్లింది, చీర కట్టింది, నడక నేర్పింది. ఆ తమ్ముడే ఇప్పుడు పెద్ద మీసాలతో, చుట్టూ పది మందితో, మా వాళ్ళు పేరెత్తితే ఉమ్మేసే మనిషయ్యాడు.

మొదటి రెండు పాదాలూ వచ్చాయి. మా నాయనమ్మకి అంత గొంతుందని నాకు అప్పటిదాకా తెలీదు. మూడో పాదం సగంలో ఆగిపోయింది. మాట తట్టలేదు. ఒకసారి వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చింది, మళ్ళీ ఆగింది. పెట్టె ఆయన కళ్ళు మూసుకుని శ్రుతి పట్టుకునే ఉన్నాడు. నాయనమ్మ ఇక లాభం లేదన్నట్టు తల ఊపింది. ఆయన చూడలేదు. చెయ్యి తియ్యలేదు.

అప్పుడు కంచె అవతల నుంచి ఆ మాట వచ్చింది. మాట కాదు, పాటే. ముదిరిన మగ గొంతు, రాకుమార్తె రాగం. తువ్వాలు కింద నుంచే అందించాడు.

నాయనమ్మ చేతి కింద నా చెయ్యి ఉంది. అది ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు నా చర్మంలో అచ్చు పడింది. తల మాత్రం తిప్పలేదు. ఆ మాట అందుకుని మూడో పాదం పూర్తి చేసి, నాలుగోది పాడి, దించింది. బండి వాడు ఎప్పుడు లేచాడో, నిద్ర కళ్ళతో ‘వన్స్ మోర్’ అన్నాడు.

కంచె అవతల మనిషి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. పెద్ద మీసాలు. నాయనమ్మ తమ్ముడే. ఆయన మా వైపు చూడలేదు. పెట్టె ఆయన ముందు నిలబడ్డాడు.

“వచ్చే గురువారం మా ఇంట్లో పెళ్ళి. మీరు రావాలి. ముందురోజే రావాలి,” అన్నాడు. తర్వాత ఊరి పేరు చెప్పాడు. బస్సు ఎక్కడ దిగాలో, గ్రంథాలయం పక్క సందులో ఎన్నో ఇల్లో కూడా చెప్పాడు. పెట్టె ఆయన అట్టాగే బాబూ అన్నాడు. ఆయన కోర్టు వైపు వెళ్ళిపోయాడు. ఆ రోజు కేసు మళ్ళీ వాయిదా పడింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఇంట్లో ఇంకో కోర్టు మొదలైంది. తమ్ముడు పిలిచాడు, పెళ్ళికి పోతాను అంది నాయనమ్మ. తాత జరిగిందంతా నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. విని నవ్వాడు.

“ఏమే, పుట్టిన ఇంటికి ఎవడైనా దారి చెబుతాడా? వాడు పిలిచింది పెట్టెవాణ్ణి,” అన్నాడు.

నాయనమ్మ దానికి తడుముకోలేదు. దారంతా ఆలోచించుకునే వచ్చినట్టుంది.

“మా తమ్ముడు కలెక్టరు వచ్చినా ఏందయ్యా నువ్వు అనే రకం. అట్టాంటోడు పెట్టె వాయించే ఆయన్ని మీరు అంటాడా? పుట్టిన కాడ్నించి వాడి నోట ఆ మాట నేను విన్లా. ఆ మీరు ఒక మనిషిని కాదు. నన్నూ నిన్నూ కలిపి అన్నాడు. పైగా ముందురోజే రమ్మన్నాడు. బయటివాళ్ళనెవరన్నా ముందురోజు రమ్మంటారా?”

తాత నమలడం ఆపి నా వంక చూశాడు. ‘మీరు’ అన్నమాట నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. నాయనమ్మ వైపు తిరిగి, నన్నూ కలిపి పిలవాల్సిన అవసరం వాడికి లేదు, నువ్వు పో, కేసు మాత్రం ఆగదు అని చెయ్యి కడుక్కున్నాడు. ఆయన దగ్గర నుంచి అంతకంటే పెద్ద దయ నేనెప్పుడూ చూడలేదు.

బుధవారం మేమిద్దరం బస్సెక్కాం. నాయనమ్మ పట్టుచీర కట్టుకుంది. బస్సులో నాకు శనగపప్పు కొనిపెట్టింది గానీ తను ఒక్క పలుకు నోట్లో వేసుకోలేదు. గ్రంథాలయం మలుపు తిరిగేసరికి పందిట్లోంచి హార్మోనియం వినపడింది. పెట్టె ఆయన మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో పువ్వు, చుట్టూ మగపిల్లలు.

నాయనమ్మ సందు మధ్యలో నిలబడిపోయింది. ఆయన్నే పిలిచాడన్నమాట. తాత చెప్పిందే నిజమన్నమాట. నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేశాం కూడా.

పెట్టె ఆగిపోయింది. ఆయన లేచి పందిట్లోంచి గబగబా సందులోకి వచ్చాడు. నాయనమ్మ తల వంచుకునే, “పిలిచింది మిమ్మల్నే గదయ్యా,” అంది.

“నాకు దారి చెప్పాడు తల్లీ. రమ్మన్నది మిమ్మల్ని,” అన్నాడు ఆయన. చిన్న పిల్లకి లెక్క విడమరిచి చెప్పినట్టు చెప్పాడు. “ఎరగనోడికి గదా దారి చెప్పేది.”

ఈలోగా ఇంట్లోంచి నాయనమ్మ మరదలు పరిగెత్తుకుంటూ వచ్చింది. కుంకుమ భరిణె దొరకలేదో ఏమో, పెళ్ళికూతురి పళ్ళెంలోంచి వేళ్ళతో తీసుకొచ్చిన కుంకుమ సందులోనే నాయనమ్మ నుదుట పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. గుమ్మంలో మీసాలాయన నిలబడి ఉన్నాడు. ఎటు చూడాలో తెలియక నా చేతిలో సంచీ లాక్కున్నాడు.

“బస్సు లేటా అక్కా?” అన్నాడు. మూడేళ్ళ తర్వాత మొదటి మాట అది.

ఆ రాత్రి పందిట్లో పద్యాలే పద్యాలు. ఆడవాళ్ళం అరుగు మీద కూర్చుని విన్నాం. మీసాలాయన చేత ఊరివాళ్ళు రాకుమార్తె పద్యం పాడించారు. జిలేబీలు, పెరుగు వడలు, పందిట్లో పచ్చి కొబ్బరాకు వాసన, నాకు ఇప్పటికీ పెళ్ళంటే అదే. కేసు మాత్రం తాత అన్నట్టే ఆగలేదు. ఇంకో నాలుగేళ్ళు నడిచి, చివరికి ఇద్దరు ప్లీడర్లకీ విసుగొచ్చి రాజీ అయింది. ఆ నాలుగేళ్ళూ వాయిదా రోజుల్లో అక్కాతమ్ముళ్ళు పార్కులో ఒకే క్యారేజీలో తిని, బంట్రోతు పిలిస్తే లేచి చెరో వైపు వెళ్ళి నిలబడేవాళ్ళు. పెట్టె ఆయన ఒక ఏడాది రావడం మానేశాడు. ఏమయ్యాడో కనుక్కుందామంటే పేరు తెలీదు.

నాకు పెళ్ళయ్యాక ఒకసారి మీసాలాయన్ని చూడటానికి వెళ్ళాను. మీసాలు తెల్లబడ్డాయి, కంటి ఆపరేషను చేయించుకుని మంచం మీద ఉన్నాడు. మాటల్లో పార్కు సంగతి వచ్చింది. నాయనమ్మ ఆ ‘మీరు’ పట్టుకుని తాతని ఎలా ఓడించిందో నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు.

“ఆ రోజు నేను పిలిచింది పెట్టె ఆయన్నేనమ్మా,” అన్నాడు. “అక్కని పిలిచే మొహం నాకేదీ. ఆయన చెయ్యి తీసేసి ఉంటే అక్క అక్కడితో ఆపేసేది, నేను మాట అందించేవాణ్ణి కాదు. అట్టాంటి మనిషిని నువ్వు అనటానికి నోరు రాలా. మీరు అనే వచ్చింది. అక్క వస్తదని నేను అనుకోలా. సందులో అక్కని చూసి ఏం చెయ్యాలో తోచక నీ సంచీ లాక్కున్నా. మీ నాయనమ్మకి చెప్పమాక.”

చెప్పలేదు. తమ్ముడు తనని నోరారా పిలిచాడనే నమ్మకంతోనే మా నాయనమ్మ పోయింది. ఇప్పుడు ఆయనా లేడు కాబట్టి రాస్తున్నాను.

నన్ను వదలనిది మాత్రం పెట్టె ఆయన సంగతి. పిలుపు తనదేనని ఆయనకి తెలుసు. బతుకంతా రోడ్డు పక్కన వాయించిన మనిషిని ఒక పెద్ద రైతు ఎదురుగా నిలబడి మీరు రావాలి అన్నాడు. అట్లాంటి పిలుపు ఆయనకి ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. వచ్చి, సందులో వెనక్కి తిరిగిన ముసలమ్మని చూసి, అది నాది కాదు తల్లీ, మీదే అని ఇచ్చేశాడు.